గ్రేడింగ్ బెల్టు దగ్గర ఆడకూలి, మగకూలి: గుంటూరు మిర్చి షెడ్డులో ఒక సమాన వేతన కేసు

ఇది ఏ ఒక్క యూనిట్ కథా కాదు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గ్రేడింగ్, ప్యాకింగ్ షెడ్లలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే చిక్కులను ఒకే షెడ్డుగా కూర్చి రాశాం. కూలి రేట్లు, రోజులు, మనుషుల సంఖ్య లెక్క చూపడానికి పెట్టుకున్నవి. చట్టం, సెక్షన్లు, తీర్పు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

షెడ్డులో ఎవరు ఏ పని చేస్తారు

కోల్డ్ స్టోరేజీ నుంచి లారీలో వచ్చిన టిక్కీలను (మిర్చి బస్తాలను) ఎనిమిది మంది ముఠా హమాలీలు దించి నెట్టు కడతారు. వాళ్లకు టిక్కీకి ఇంత అని లెక్క. ఆ కాయను పట్టాల మీద పోస్తే 46 మంది ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తీస్తారు. వాళ్లకు కిలో లెక్కన కూలి. తొడిమ తీసిన కాయ బెల్టు ఎక్కుతుంది. బెల్టుకు రెండు వైపులా 20 మంది నిలబడి తాలు, మచ్చకాయ, విరిగిన కాయ, పుల్ల, రాయి ఏరి పక్క టబ్బుల్లో వేస్తారు. వీళ్లలో ఆడవాళ్లు 14, మగవాళ్లు 6. చివర ప్యాకింగ్ దగ్గర ఐదుగురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు ఉంటారు.

బెల్టు మీద మగవాళ్లకు రోజుకు 560, ఆడవాళ్లకు 430. మగవాళ్లకు ఇంకో 30 రూపాయలు పెట్రోలు బత్తా. ప్యాకింగ్‌లో 540, 430. కంప్యూటర్‌లో ఉన్న వేతన రిజిస్టరులో బెల్టు మగవాళ్లంతా ‘మెషిన్ అసిస్టెంట్లు’, ఆడవాళ్లంతా ‘హెల్పర్లు’.

షెడ్డు ఆడవాళ్లు అడిగిన కోరిక ఒక్కటే: 65 మంది ఆడవాళ్లకూ మగవాళ్లకు ఇచ్చినంత ఇవ్వాలి. దాన్ని అలాగే అర్జీలో పెడితే కేసు మొదటి వాయిదాకే కుంటుపడుతుంది. ఎవరిని ఎవరితో పోల్చాలో తేల్చకుండా సెక్షన్ల జోలికి పోకూడదు. ఈ రకం కేసులు ఎక్కువగా ఇక్కడే పోతాయి, చట్టం తెలియక కాదు.

చట్టం ఎంతవరకు వస్తుంది

1976 నాటి సమాన వేతన చట్టం స్థానంలో ఇప్పుడు 2019 వేతనాల కోడ్ నడుస్తోంది. నాలుగు లేబర్ కోడ్‌లూ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. కోడ్ 3వ సెక్షన్ ప్రకారం ఒకే సంస్థలో, ఒకే యజమాని కింద, ఒకే పని లేదా అదే తరహా పని చేసేవాళ్లకు ఆడ, మగ తేడాతో వేతనం వేరుగా ఇవ్వకూడదు. సమానం చేసే పేరుతో ఎవరి రేటూ తగ్గించకూడదు. పనిలోకి తీసుకునేటప్పుడు, పని షరతుల్లో కూడా వివక్ష కుదరదు.

‘అదే తరహా పని’ అంటే ఏమిటో 2వ సెక్షన్ చెబుతుంది. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకేలా ఉండాలి, పని పరిస్థితులు ఒకేలాంటివై ఉండాలి. తేడాలున్నా అవి ఉద్యోగ షరతుల దృష్ట్యా ఆచరణలో లెక్కలోకి రానివైతే చాలు. ఇందులో ‘అనుభవం’ కొత్తగా చేరింది, 1976 చట్టంలో ఆ మాట లేదు. యాజమాన్యం పట్టుకునేది దాన్నే. దాని సంగతి కింద చూద్దాం.

మన చట్టం పోల్చేది పనిని, పని విలువను కాదు. భారత్ 1958లో ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 100వ ఒడంబడిక ‘సమాన విలువ గల పని’ అంటుంది. దాని పరిధి పెద్దది. తొడిమలు తీసే పని, బస్తా మోసే పని విలువలో సమానమని వాదించడానికి ఆ ఒడంబడిక భాష పనికొస్తుందేమో గానీ, 3వ సెక్షన్ కింద ఆ వాదన నిలవదు. రెండూ వేర్వేరు పనులు.

అందుకే తొడిమల వాళ్లు 46 మందినీ ఈ క్లెయిమ్ నుంచి తప్పించాం. ఆ పనిలో మగవాడు ఒక్కడూ లేడు కాబట్టి పోల్చడానికి మనిషే లేడు. వాళ్ల దారి వేరు. కనీస వేతనం రోజు లెక్కనే నిర్ణయమై, ముక్క లెక్కకు విడిగా రేటు లేనప్పుడు, కిలో కూలి ఇచ్చినా రోజు కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని కోడ్ 12వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి వాళ్ల కోసం రోజువారీ కిలోల చీటీలు, షెడ్డులో ఉన్న గంటలు సేకరించి విడిగా అర్జీ తయారు చేయాలి. రెంటినీ కలిపేస్తే బలమైన 14 మంది కేసు కూడా బలహీనంగా కనిపిస్తుంది. ఈ మాట తొడిమల వాళ్లకు ముందే, ఎదురుగా కూర్చుని వివరించాలి. లేకపోతే ‘మమ్మల్ని వదిలేశారు’ అన్న మాట పుడుతుంది. అందులో న్యాయం ఉంది కూడా.

పనిని గళ్లలో రాయడం

రిజిస్టరులో హోదా పేర్లు వేరు కాబట్టి, పేరుతో పని లేకుండా చేతులు ఏం చేస్తున్నాయో చూపాలి. పద్ధతి సులువే. ఎనిమిది గంటల షిఫ్టును పావుగంట గళ్లుగా విడగొడితే మనిషికి 32 గళ్లు వస్తాయి. ప్రతి గడిలో ఆ పావుగంటలో ప్రధానంగా చేసిన పని రాయాలి: ఏరడం, టబ్బు మోయడం, హాపర్‌లో (బెల్టు మీదికి కాయ వదిలే తొట్టిలో) కాయ పోయడం, ఊడవడం, బెల్టు ఆపి ఇరుక్కున్న కాయ తీయడం. రాసేది ఆ బెల్టు మీద పనిచేసేవాళ్లే అయితే మంచిది, కానీ ఎవరి పట్టిక వాళ్లు రాసుకోకూడదు, పక్కవాళ్లది రాయాలి. సీజన్ ఉధృతంగా ఉన్న రోజులు, ఖాళీ రోజులు రెండూ పడాలి. సరుకు మారితే పని వేగమూ మారుతుంది కాబట్టి తేజ రకం మిర్చి ఆడిన రోజు, 334 రకం ఆడిన రోజు విడిగా గుర్తించాలి.

సగటున తేలింది ఇదీ. ఆడవాళ్లకు 32 గళ్లలో 27 ఏరడం, 2 టబ్బులు మోయడం, 3 ఊడ్చి కింద పడిన కాయ ఎత్తడం. మగవాళ్లకు 26 ఏరడం, 2 టబ్బులు, 2 హాపర్, 2 బెల్టు స్విచ్, ఇరుకు తీయడం. నిండిన తాలు టబ్బు ఒక్కొక్కటి సుమారు 18 కిలోలు. ఆడవాళ్లు ఇద్దరు పట్టుకుంటారు, మగవాళ్లు ఒక్కరే ఎత్తుతారు. హాపర్ పని ఆరుగురిలో నలుగురికే ఉంది. మిగతా ఇద్దరు బెల్టు వదిలి కదలరు, అయినా వాళ్లకూ 560.

‘మగవాళ్లు బరువు ఎత్తుతారు’ అన్న వాదనకు జవాబు ఈ చివరి వాక్యంలోనే ఉంది. 560ని ఎనిమిది గంటలకు పంచితే గంటకు 70. హాపర్ దగ్గర గడిచేది అరగంట. ఆ అరగంటకే 130 ఎక్కువ ఇస్తున్నారనుకుంటే, హాపర్ ముట్టుకోని ఇద్దరికి ఆ 130 ఎందుకు ఇస్తున్నట్టు?

సుప్రీంకోర్టు 1987లో మెకినన్ మెకెంజీ కంపెనీ, ఆడ్రీ డి’కోస్టా కేసులో పెట్టిన కొలత ఇదే. స్టెనోగ్రాఫర్ల వేతనం మీద వచ్చిన కేసది. పని ఒకేలాంటిదా కాదా అన్నది విశాలంగా చూడాలి, చిన్న తేడాలు చూపి సమానత్వపు హక్కును కొట్టేయకూడదు, చేయగల పనులు కాదు, నిజంగా చేస్తున్న పనులు చూడాలి అంది కోర్టు. ‘అవసరమైతే మగవాళ్లు లారీ కూడా దించుతారు’ అని యాజమాన్యం అంటే, ఎన్ని రోజులు దించారో చూపమనండి. హమాలీ ముఠా ఉన్న షెడ్డులో ఆ రోజులు దాదాపు ఉండవు.

మేస్త్రీ కచ్చా పుస్తకం

ఈ కేసులో అన్నిటికంటే గట్టి ఆధారం ఒక పొడుగాటి బిల్లు పుస్తకం. మేస్త్రీ రోజూ హాజరు వేసుకునేది. ఎడమ పేజీ పైన ‘మగ’, కుడి పేజీ పైన ‘ఆడ’. కింద పేర్లు, పూట పూటకూ ఒక గీత, వారం చివర ఒకే గుణింపు: మగ పేజీకి 560, ఆడ పేజీకి 430. హెల్పర్, అసిస్టెంట్ అన్న మాటలు ఎక్కడా లేవు. ప్యాకింగ్ వాళ్లలో ముగ్గురు మగవాళ్లకు మాత్రం పక్కన 540 అని విడిగా రాసుకున్నాడు. అంటే రేటు ముందు ఆడ, మగ అని పడింది, హోదా పేరు తర్వాత కంప్యూటర్‌లో తగిలించారు.

ఇలాంటి పుస్తకం దొరికినప్పుడు అసలు పుస్తకాన్ని లాక్కోవద్దు. పేజీలు వరుస తప్పకుండా, తేదీలు కనిపించేలా ఫొటోలు తీసి, పుస్తకం ఎవరి దగ్గర ఉంటుందో రాసి పెట్టుకుని, క్లెయిమ్ వినే అథారిటీ ముందు దాన్ని తెప్పించమని కోరాలి. నోటీసు ముందు ఇస్తే పుస్తకం కొత్తది వస్తుంది!

పే స్లిప్పులు లేవన్నది మామూలే. స్లిప్పు ఇవ్వడం 50వ సెక్షన్ ప్రకారం యజమాని బాధ్యత. అవి లేకపోయినా పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా చూపిన వేతనం ఉంటుంది, ఈఎస్ఐ చందా వివరాలు ఉంటాయి, బ్యాంకు జమలు ఉంటాయి. పీఎఫ్‌లో చూపింది నిజంగా ఇచ్చినదానికంటే తక్కువగా ఉండటం కూడా తరచూ కనిపిస్తుంది. అప్పుడు రెండు అంకెలూ అర్జీలో పెట్టి, ఏది చేతికి వచ్చిందో బ్యాంకు కాగితంతో చూపాలి. తక్కువ చెల్లింపు క్లెయిమ్‌లో ఇవ్వాల్సింది ఇచ్చానని రుజువు చేసే భారం 59వ సెక్షన్ కింద యజమానిదే. పని ఒకేలాంటిదని చూపే భారం మాత్రం మన మీదే ఉందనుకుని సిద్ధపడాలి.

యాజమాన్యం జవాబులు

“ఊళ్లో ఆడకూలి ఇంతేనండీ, మేం తగ్గించిందేం లేదు” అన్నది మొదటి జవాబు. అది వివక్ష లేదని చెప్పడం కాదు, ఒప్పుకోవడం. లిఖితపూర్వక జవాబులో ఈ మాట వస్తే దాన్ని వదలకూడదు. భరించలేమన్న రెండో వాదన మెకినన్ కేసులోనే పోయింది. చట్టం వర్తించడం కంపెనీ ఆర్థిక స్తోమత మీద ఆధారపడదని కోర్టు తేల్చింది. యూనియన్‌తో ఒప్పందం అయిందన్న రక్షణా ఆ కేసులో నిలబడలేదు.

అనుభవం సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. బెల్టు మీద తొమ్మిదేళ్లుగా ఉన్న ఆవిడకు 430, పోయిన సీజన్‌లో చేరిన అబ్బాయికి 560. చేరిన తేదీల పట్టిక ఒక్కటి పెడితే చాలు, ఇక్కడ డబ్బు అనుభవానికి ఇవ్వడం లేదని తేలిపోతుంది. అలాగని రేపు యాజమాన్యం ఆడ, మగ తేడా లేకుండా ఏళ్లను బట్టి రేట్లు పెడితే దాన్ని తప్పు పట్టలేం, పట్టకూడదు కూడా.

రాత్రి షిఫ్టు వాదన నిజం ఉన్నదే. ఎగుమతి ఆర్డరు ఉన్నప్పుడు ముగ్గురు మగవాళ్లు రాత్రి ఉంటారు. రాత్రి పనికి ఎక్కువ ఇవ్వడం తప్పు కాదు. మెకినన్ తీర్పు కూడా రాత్రి రేటు, పగటి రేటు వేరుగా ఉండొచ్చంది, ఆ రేటు రాత్రి పనిచేసే ఆడవాళ్లకూ అందుతున్నంతవరకు. మరి ఇక్కడ? రాత్రి పని లేని నెలల్లోనూ 560 ఇచ్చారు, ఆడవాళ్లను రాత్రి పనికి అడగనే లేదు. ఇప్పుడు వృత్తి భద్రత కోడ్ 43వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లు సమ్మతిస్తే, తగిన భద్రతతో, ఉదయం 6కు ముందు, రాత్రి 7 తర్వాత కూడా పనిచేయవచ్చు. అందుకే రాత్రి బత్తాను రోజు కూలి నుంచి విడదీసి, ఎవరు చేస్తే వాళ్లకు ఇవ్వమన్నాం.

చివరిది, ఎక్కువ కేసులను ముంచేది: ఆడవాళ్లు మేస్త్రీ మనుషులు, మగవాళ్లు కంపెనీ మనుషులు, కాబట్టి ‘ఒకే యజమాని’ కాదు అనడం. దీనికి డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తోంది, సెలవు ఎవరు ఇస్తారు, బెల్టు మీద ఎవరు అదిలిస్తారు అన్న మూడు ప్రశ్నలు చాలు. ఇక్కడ మూడింటికీ కంపెనీ సూపర్‌వైజరే జవాబు. కోడ్‌లో యజమాని నిర్వచనంలో కాంట్రాక్టరు కూడా ఉన్నాడు కాబట్టి మేస్త్రీనీ ప్రతివాదిగా చేర్చాలి. చేర్చకపోతే బాధ్యత ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.

ప్యాకింగ్ దగ్గర పరిస్థితి బెల్టు అంత తేట కాదు. ఐదుగురిలో ఇద్దరు కాటా వేసి, గోతాం కుట్టు మిషను నడుపుతారు, మగవాళ్లూ అదే చేస్తారు. మిగతా ముగ్గురు అట్టపెట్టెలు మడిచి లేబుళ్లు అంటిస్తారు. ఇద్దరికే క్లెయిమ్ వేశాం. ముగ్గురికి వేతనం అడగకుండా, కుట్టు మిషను పనిలోకి తీసుకునేటప్పుడు ఆడవాళ్లను మినహాయించకూడదన్న 3(2) కింద కోరిక పెట్టాం.

లెక్క

బెల్టు మీద ఒక అర్జీదారు లెక్క చూడండి. కాలం 2025 సెప్టెంబరు 1 నుంచి 2026 ఫిబ్రవరి 28 వరకు, హాజరు 140 రోజులు. ఇందులో నవంబరు 20 వరకు 62, ఆ తర్వాత 78. ఇలా విడగొట్టాలి, ఎందుకంటే ముందు రోజులకు 1976 చట్టం, తర్వాత రోజులకు కోడ్. పాత చట్టం రద్దయినంత మాత్రాన దాని కింద అప్పటికే పుట్టిన హక్కు పోదు, 1897 జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ దాన్ని కాపాడుతుంది. మొత్తాన్ని కోడ్ కిందే అడిగితే మొదటి 62 రోజుల మీద అభ్యంతరం రావడం ఖాయం.

కూలి తేడా రోజుకు 130. పెట్రోలు బత్తా 30 కూడా కలపాలా? కోడ్‌లో వేతనం నిర్వచనం నుంచి రవాణా భత్యాన్ని మినహాయించారు, కానీ సమాన వేతనం లెక్కకు వచ్చేసరికి రవాణా భత్యం, ఇంటి అద్దె భత్యం, అవార్డు (కార్మిక వివాదంలో వచ్చిన తీర్పు) లేదా సెటిల్‌మెంట్ కింద వచ్చేది, ఓవర్‌టైం కలపాలని అదే నిర్వచనంలో విడిగా ఉంది. చాలామంది మినహాయింపుల దగ్గరే చదవడం ఆపేస్తారు. పాత చట్టంలో నగదుగా గానీ వస్తువుగా గానీ ఇచ్చే అదనపు ప్రతిఫలమంతా ఎలాగూ లెక్కలోకి వచ్చేది. యాజమాన్యం దీన్ని పని వల్ల అయ్యే ప్రత్యేక ఖర్చుకు ఇచ్చిన సొమ్ము అంటుంది, ఎందుకంటే ఆ రకం సొమ్ము తిరిగి కలిసే జాబితాలో లేదు. షెడ్డు పక్క వీధి నుంచి నడిచి వచ్చే మగవాడికీ ఈ 30 అందుతోందని చూపితే ఆ మాట ఆగిపోతుంది.

అప్పుడు రోజుకు 160. 62 రోజులకు 9,920, 78 రోజులకు 12,480. జనవరి, ఫిబ్రవరిలో ఓవర్‌టైం 36 గంటలు. కూలి తేడా గంటకు 16.25, ఓవర్‌టైం రెట్టింపు కాబట్టి 32.50, మొత్తం 1,170. ఓవర్‌టైంలో బత్తా కలపలేదు, అక్కడ తగాదా పెంచుకోవడం దండగ. అన్నీ కలిపితే 23,570. పద్నాలుగు మందికీ ఇలాగే విడి పట్టికలు వేయాలి. సగటు రోజులు పెట్టి మూకుమ్మడిగా గుణించిన అర్జీలు ఎదురు విచారణలో మొదటి పేరు దగ్గరే చిరుగుతాయి.

అర్జీ నుంచి సెటిల్‌మెంట్ దాకా

పని ఒకే తరహాదా కాదా అన్న తగాదాను 4వ సెక్షన్ కింద ప్రభుత్వం నోటిఫై చేసిన అథారిటీ తేలుస్తుంది. డబ్బు క్లెయిమ్ 45వ సెక్షన్ కింద గెజిటెడ్ హోదాకు తగ్గని అధికారి ముందు వెళ్తుంది. గడువు మూడేళ్లు. బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం అక్కడ ఉంది, మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి, అప్పీలుకు 90 రోజులు. ఎంతమంది ఉద్యోగుల తరఫునైనా ఒకే అర్జీ వేయొచ్చు, రిజిస్టరైన యూనియన్ కూడా వేయొచ్చు. ఈ షెడ్డులో యూనియన్ పేరుతో వేయడమే మేలు, ఎందుకంటే పద్నాలుగు సంతకాల్లో ముందు ఏ పేరుంటే ఆవిడకు మరుసటి వారం నుంచి పని రోజులు తగ్గుతాయి. అర్జీకి ముందు మూడు నెలల హాజరు, తర్వాత హాజరు పక్కపక్కన పెట్టి చూస్తూ ఉండాలి.

జరిమానా సంగతి అడుగుతుంటారు. తక్కువ ఇచ్చిన మొదటి నేరానికి 54వ సెక్షన్ కింద 50,000 వరకు జరిమానా, ఐదేళ్లలో మళ్లీ చేస్తే మూడు నెలల వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా లేదా రెండూ. యజమానిని ఆలోచింపజేసేది జరిమానా కంటే పది రెట్ల పరిహారమే.

విచారణ మధ్యలో రాజీకి వస్తే కాగితం మీద రావాల్సినవి ఇవి. బెల్టు పనికి ఒకే హోదా పేరు, ఒకే రేటు 560, బత్తా అందరికీ. మగవాళ్ల రేటు తగ్గించకూడదు. బాకీ రెండు వాయిదాల్లో, తేదీలతో, బ్యాంకు ద్వారా. పెరిగిన వేతనం మీద పీఎఫ్, ఈఎస్ఐ చందాలు. రాత్రి బత్తా విడిగా. ‘ఇకపై ఏ క్లెయిమూ లేదు’ అన్న రసీదు మీద సంతకాలు అడుగుతారు. కోడ్ కింద రావాల్సిన సొమ్మును వదులుకునే ఒప్పందం 60వ సెక్షన్ ప్రకారం చెల్లదు, అయినా అలాంటి కాగితం ఉంటే తర్వాత విచారణ సాగదీయడానికి పనికొస్తుంది కాబట్టి ఆ వాక్యం కొట్టించాకే సంతకం.

సెటిల్‌మెంట్ అయ్యాక రెండో జీతం నెల రిజిస్టరు తెప్పించుకుని చూడాలి. ఇలాంటి షెడ్లలో అప్పటికి ‘లైన్ లీడ్’ అని ఒక కొత్త హోదా పుడుతుంది, నలుగురు మగవాళ్లు, రోజుకు 590. అలా కనిపిస్తే హోదా పేరు గురించి వాదించకుండా మళ్లీ 32 గళ్ల పట్టిక తీయాలి. లైన్ లీడ్ నిజంగా సరుకు తిప్పి పంపే నిర్ణయం తీసుకుంటున్నాడా, తప్పు జరిగితే అతని కూలిలో కోత పడుతుందా, అతను రాని రోజు ఆ పని ఎవరు చేస్తున్నారు? మూడో ప్రశ్నకు జవాబు పక్కనున్న హెల్పరమ్మ అయితే, రెండో అర్జీ అప్పుడే రాసి పెట్టుకోవచ్చు.